పాత డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చడం: విశాఖ ఉప్పుగాలిలో ఏమేం చూసుకోవాలి

స్క్రీన్ మీద అడ్డగీతలు, అక్షరాల మధ్య ఊదారంగు చుక్కలు, వీడియో చూస్తుండగా బొమ్మ నల్లబడిపోయి పాట మాత్రం వినబడుతూ ఉండడం. గ్రాఫిక్స్ కార్డు పోయే ముందు చాలాసార్లు ఇలాగే తెలుస్తుంది. అలాగని వెంటనే ద్వారకానగర్ వెళ్లి కొత్త కార్డు ధర అడగకండి. పాత సిస్టమ్‌లో కార్డు కొనడం చివరి పని. ముందు తప్పు కార్డుదేనని తేల్చుకోవాలి. తర్వాత మీ ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు అందించే పెట్టె), మదర్‌బోర్డు, మానిటర్ ఎలాంటి కార్డుకు సరిపోతాయో చూసుకోవాలి.

ఉదాహరణకు హుద్‌హుద్ వచ్చిన 2014 ప్రాంతంలో కొన్న సిస్టమ్‌ను తీసుకుందాం: ఇంటెల్ నాలుగో తరం ఐ3 లేదా ఐ5, హెచ్81 చిప్‌సెట్ బోర్డు, డీడీఆర్3 ర్యామ్, మీద 450 వాట్లని రాసున్న ఎస్‌ఎంపీఎస్. మీది దీనికి అటూఇటుగా ఉన్నా పద్ధతి ఇదే.

తప్పు కార్డుదేనా?

ముందు కేబుల్ మార్చి చూడండి. వీజీఏ పిన్ను ఒకటి వంగినా రంగు మారిపోతుంది, కార్డు పోయిందేమో అనిపిస్తుంది. కార్డుకు రెండో పోర్టు ఉంటే దానికి పెట్టి చూడండి. వీలైతే ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐతో కలపండి. టీవీలో బొమ్మ శుభ్రంగా ఉంటే కార్డు జోలికి పోనక్కర్లేదు.

తర్వాత గీతలు ఎప్పుడు మొదలవుతున్నాయో గమనించండి. ఆన్ చేయగానే కనబడే కంపెనీ లోగో మీద, బయోస్ (విండోస్ రాకముందే మదర్‌బోర్డు చూపించే సెట్టింగుల) స్క్రీన్ మీద కూడా చుక్కలుంటే డ్రైవర్ (విండోస్‌లో కార్డును నడిపించే ప్రోగ్రామ్) తప్పు కాదు. అప్పటికి డ్రైవర్ ఇంకా లోడ్ కాలేదు కాబట్టి తప్పు హార్డ్‌వేర్‌దే. విండోస్ వచ్చాకే, అదీ ఇరవై నిమిషాలు వాడాకే వస్తుంటే వేడిని అనుమానించాలి. హెచ్‌డబ్ల్యూమానిటర్ గానీ జీపీయూ-జడ్ గానీ (రెండూ కార్డు వివరాలు చూపించే ప్రోగ్రాములే) తెరిచి ఉష్ణోగ్రత చూడండి. గేమ్ ఆడుతున్నప్పుడు 70, 80 డిగ్రీలు మామూలే. 90 దాటి పోతుంటే ఫ్యాను ఆగిపోయి ఉంటుంది, లేదా లోపలి థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరు ఎంట్రీలు వరసగా కనబడితే డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయి మళ్లీ లేస్తోందని అర్థం. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు పక్కన పసుపు త్రికోణం, కోడ్ 43 ఉంటే మాత్రం ఒకసారి డ్రైవర్ పూర్తిగా తీసి మళ్లీ వేయండి. అయినా పోకపోతే కార్డు మీద ఆశ తక్కువే.

బొమ్మ నల్లబడి శబ్దం కొనసాగితే కార్డును, సిస్టమ్ మొత్తం టక్కున ఆగిపోయి మళ్లీ స్టార్ట్ అయితే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించండి. ఈ తేడా తెలియక మంచి కార్డును తీసి పక్కన పెట్టినవాళ్లు ఉన్నారు.

చివరి పరీక్ష, అన్నిటికన్నా నమ్మకమైనది: కార్డును పూర్తిగా తీసేసి, మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు పెట్టి రెండ్రోజులు వాడండి. నాలుగో తరం ఐ3, ఐ5లలో దాదాపు అన్నిటికీ ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటుంది. కార్డు స్లాట్‌లో ఉండగా చాలా బోర్డులు సొంత పోర్టును ఆపేస్తాయి, అందుకే తీయమనేది. కొత్త ప్రాసెసర్ అయితే పేరు చివర చూడండి. ఇంటెల్‌లో ఎఫ్ అక్షరం ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. ఏఎండీ రైజెన్ 5000 వరకు జీ అక్షరం లేని డెస్క్‌టాప్ ప్రాసెసర్లూ అంతే.

కార్డు లేకుండా రెండ్రోజులూ ఏ గీతా రాకపోతే తప్పు తేలిపోయింది. ఇంకో సంగతీ తేలుతుంది. ట్యాలీ, తెలుగు డీటీపీ, బ్రౌజింగ్, యూట్యూబ్ వరకే మీ పని అయితే అసలు కార్డే అక్కర్లేదు. కార్డు లేకుండా హాయిగా నడుస్తున్న సిస్టమ్‌కు మళ్లీ డబ్బు పెట్టకండి.

కొనేముందు ఒకసారి శుభ్రం చేసి చూడండి

విశాఖలో ఈ పని తప్పనిసరి. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, కిర్లంపూడి వైపు కిటికీలు తీసి ఉంచే ఇళ్లలో ఉప్పు కలిసిన చెమ్మ సిస్టమ్ లోపలికి పోతుంది. జ్ఞానాపురం, వన్‌టౌన్ వైపు పోర్టు నుంచి వచ్చే నల్లదుమ్ము దానికి తోడు. పొడిదుమ్మును ఊదితే పోతుంది. చెమ్మ పట్టిన దుమ్ము పేస్టులా అంటుకుని హీట్‌సింక్ రేకుల మధ్య గట్టిపడుతుంది.

కార్డు తీసి, అడుగంచున స్లాట్‌లోకి దిగే పళ్లను ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. కొత్త కార్డులో అవి పెళ్లి ఉంగరంలా పచ్చగా మెరుస్తాయి. సముద్రం పక్క ఏళ్ల తరబడి ఉన్న కార్డులో వాటి మీద పలచని గోధుమరంగు పొర ఉంటుంది, ఒకట్రెండు చోట్ల ఆకుపచ్చ చుక్క కూడా ఉండొచ్చు. ఆ పొర వల్ల కాంటాక్టు సరిగా అందక కార్డు ఒకసారి కనబడి ఒకసారి కనబడకుండా పోతుంది. పిల్లలు వాడే తెల్లని మెత్తటి రబ్బరు తీసుకుని, పళ్ల నిలువు దిశలోనే, లోపలి నుంచి అంచు వైపుకు నెమ్మదిగా రుద్దండి. అడ్డంగా రుద్దితే పన్ను లేచిపోవచ్చు. రబ్బరు పొడి దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూలుగుడ్డతో ఒక్కసారి తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వండి. గరుకు కాగితం వాడకండి. బంగారు పూత చాలా పలచన, అది పోతే కిందున్న లోహం వేగంగా చెడుతుంది.

ఫ్యాన్లు ఊదేటప్పుడు రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. బ్లోయర్ గాలికి అది మితిమీరిన వేగంతో తిరిగితే బేరింగు పోతుంది. వారంటీ దాటిన కార్డయితే వెనక నాలుగు స్క్రూలు తీసి, ఎండిన పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టండి. మెమరీ చిప్పుల మీదుండే థర్మల్ ప్యాడ్లు చిరగకుండా చూడండి. చిరిగితే అదే మందం ప్యాడ్ వేయాలి. మందం పెరిగితే హీట్‌సింక్ చిప్పు మీద ఆనదు.

కార్డును ఓవెన్‌లో పెట్టి వేడిచేస్తే బాగవుతుందని వీడియోలు చూపిస్తారు. చేయకండి. వేడెక్కుతూ చల్లారుతూ ఏళ్లు గడిచాక చిప్పు కింది సన్నని టంకం అతుకులు పగుళ్లిస్తాయి. ఓవెన్ వేడికి అవి కాసేపు కలిసినా మళ్లీ విడిపోతాయి. ప్లాస్టిక్, ఫ్లక్స్ పొగ వంట చేసుకునే ఓవెన్‌కు పడుతుంది.

శుభ్రం చేశాక కూడా లోగో మీద చుక్కలు వస్తుంటే ఇక కొత్తది కొనాల్సిందే.

ఏ కార్డు కొనాలి?

దీనికి జవాబు ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద ఉంటుంది. పెద్ద అక్షరాల్లో ఉన్న 450ని నమ్మకండి. కింద చిన్న పట్టికలో +12 వోల్టుల గడి వెతికి, అక్కడున్న ఆంపియర్లను 12తో గుణించండి. 18 ఆంపియర్లని ఉంటే 12 × 18, అంటే 216 వాట్లే. ప్రాసెసర్, కార్డు ప్రధానంగా బతికేది ఆ 12 వోల్టుల మీదే. ప్రాసెసర్‌కు 65, హార్డ్ డిస్కు, ఫ్యాన్లు, బోర్డుకు కలిపి 50 తీసేయండి. మిగిలింది సుమారు 100. పదేళ్ల ఎస్‌ఎంపీఎస్ లోపలి కెపాసిటర్లు కూడా మీతో పాటే ముసలివయ్యాయి కాబట్టి అందులోనూ పాతిక వదిలేయండి. చేతిలో ఉన్నది 75 వాట్లు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ పెద్ద స్లాట్ సొంతంగా ఇవ్వగలిగేదీ 75 వాట్లే. కాబట్టి పాత సిస్టమ్‌కు, విడిగా పవర్ కేబుల్ అడగని కార్డే క్షేమం.

ఆ లెక్కలోకి వచ్చేవి కొన్నే. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం 70 వాట్లు. జీటీఎక్స్ 1650కి 75 వాట్లు, అయితే కొన్ని మోడళ్లకు ఆరు పిన్నుల కేబుల్ కావాలి, పెట్టె మీద బొమ్మ చూసి కొనండి. ఆర్‌ఎక్స్ 6400కి 53 వాట్లే కానీ మన ఉదాహరణ సిస్టమ్‌కు నప్పదు. అది స్లాట్‌లో నాలుగు లేన్లు (డేటా వెళ్లే దారులు) మాత్రమే వాడుకుంటుంది. హెచ్81 బోర్డు స్లాట్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 తరానిది. నాలుగు లేన్ల మీద సెకనుకు సుమారు 2 జీబీ వెళ్తుంది, కార్డు తన 4.0 తరంలో కోరుకునేది 8 జీబీ దాకా. కార్డు పనిచేస్తుంది, గేముల్లో మాత్రం తడబడుతుంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీదీ ఇదే కథ, పైగా దానికి పవర్ కేబుల్ కావాలి. ఇంటెల్ ఆర్క్ కార్డులు రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) లేని పాత బోర్డుల్లో బాగా వెనకబడతాయి, వదిలేయండి.

జీటీ 710, జీటీ 730 ఇంకా షాపుల్లో కొత్త పెట్టెల్లో దొరుకుతాయి. మానిటర్‌లో బొమ్మ రావడం వరకే అయితే సరే. వీటిలో ఎక్కువ భాగం కెప్లర్ అనే పాత తరం చిప్పులు, వాటికి ఎన్విడియా కొత్త డ్రైవర్లు ఇవ్వడం 2021లోనే ఆపేసింది. జీటీ 1030 కొంటుంటే మెమరీ జీడీడీఆర్5 అని చూసి కొనండి. డీడీఆర్4 రకం అదే పేరుతో వస్తుంది, వేగం సగం కూడా ఉండదు.

ఇక మానిటర్. మీ మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంటే, పైన చెప్పిన 3050, 1650లలో ఆ పోర్టు ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే, లోపల చిప్పున్న అడాప్టర్ కావాలి. రెండువైపులా పిన్నులుండే ఉత్త కేబుల్ పనిచేయదు. సిస్టమ్ లోపల టేపు పెట్టి, స్లాట్ వెనక గోడ నుంచి హార్డ్ డిస్కు అర వరకు ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి రాసుకోండి. కార్డు పొడవు దానికన్నా కనీసం 15 మిల్లీమీటర్లు తక్కువుండాలి. సన్నటి ఆఫీసు డెస్క్‌టాప్ అయితే సగం ఎత్తు కార్డు, దానికి పొట్టి రేకు ఉండాలి. 2012కు ముందు బోర్డుల్లో కొత్త కార్డులు అసలు బూట్ కాకపోవడం ఉంది. పనిచేయకపోతే తిరిగి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు అక్కడికక్కడే జీపీయూ-జడ్ నడిపించమనండి. పాత చిప్పుకు కొత్త పేరు ఎక్కించి అమ్మే కార్డుల్లో చాలావాటిని అది పట్టుకుని, పేరుకు ముందు ఫేక్ అని చూపిస్తుంది. వెనక రేకు తుప్పు, స్క్రూ మీద గీతలు కూడా చూడండి. కొత్త కార్డుకు కూడా వారంటీ షరతుల్లో తుప్పు గురించి ఏం రాశారో కొనేముందే చదవండి. తుప్పు పట్టిందని వారంటీ తిరస్కరించడం తీరప్రాంతంలో మామూలు సమస్య.

తీయడం, పెట్టడం

కావలసినవి: మధ్యరకం స్టార్ స్క్రూడ్రైవర్, మెత్తటి పెయింట్ బ్రష్షు, టార్చి, ఐస్‌క్రీమ్ పుల్ల, మదర్‌బోర్డుకు కొత్త సీఆర్2032 బిళ్ల బ్యాటరీ. బ్యాటరీ ఎందుకంటే, పదేళ్ల బోర్డులో అది అయిపోయే ఉంటుంది, కార్డు తీసినప్పుడే మార్చడం తేలిక. మార్చేముందు బయోస్‌లో ముఖ్యమైన సెట్టింగుల ఫొటో తీసుకోండి. బ్యాటరీ తీస్తే అవన్నీ చెరిగిపోతాయి, బూట్ మోడ్, సాటా మోడ్ మారితే విండోస్ లేవదు.

1. కొత్త కార్డు వేరే కంపెనీదైతే ముందుగా పాత డ్రైవర్ తీసేయండి. నెట్ కేబుల్ పీకి, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్‌ను పూర్తిగా తీసేసే ప్రోగ్రామ్) నడపండి. నెట్ ఉంటే విండోస్ తనంతట తానే ఏదో ఒక డ్రైవర్ వేసేస్తుంది. ఎన్విడియా తీసి ఎన్విడియానే పెడుతుంటే ఈ మెట్టు దాటేయొచ్చు.

2. షట్‌డౌన్ చేసి, వెనక ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపి, కరెంటు వైరు పీకేయండి. ఆ తర్వాత ముందున్న పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది.

3. సిస్టమ్‌ను బల్ల మీద పడుకోబెట్టండి. నిలబెట్టి తీస్తే కార్డు బరువు స్లాట్ మీద పడుతుంది. పక్క మూత తీసి, పెయింట్ లేని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి. మళ్లీ కుర్చీలోంచి లేచి వచ్చినప్పుడల్లా ముట్టుకోండి.

4. కార్డుకు పవర్ కేబుల్ ఉంటే కొక్కెం నొక్కి తలను పట్టుకుని లాగండి, వైర్లు పట్టుకుని కాదు. వెనక రేకు స్క్రూ తీయండి. విశాఖలో ఇది తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుంది. తిప్పుతుంటే స్క్రూడ్రైవర్ జారిందంటే ఆగండి. ఒక చుక్క నూనె స్క్రూ తలకు పుల్లతో అంటించి పావుగంట ఆగి, గట్టిగా కిందికి నొక్కుతూ తిప్పండి. బోర్డు మీద స్ప్రే కొట్టొద్దు.

5. ఎక్కువమంది బోర్డు పాడుచేసుకునేది ఇక్కడే. స్లాట్‌కు వెనక రేకు లేని చివర ఒక చిన్న ప్లాస్టిక్ తాళం ఉంటుంది, కార్డు అంచు కొక్కేన్ని పట్టుకుని. కొన్ని కిందికి నొక్కాలి, కొన్ని పక్కకు జరపాలి. టార్చి వేసి ఏ రకమో ముందు చూడండి. వేలు పట్టకపోతే ఐస్‌క్రీమ్ పుల్లతో నొక్కండి. స్క్రూడ్రైవర్ వద్దు, అది జారితే పక్కనున్న సన్నని రాగి గీతలు తెగుతాయి, బోర్డు పోతుంది. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉండి తాళం విరిగినా కంగారు పడకండి, స్క్రూ బిగిస్తే కార్డు నిలబడుతుంది. తాళం వదిలిందని తెలిశాకే కార్డును రెండు చివర్లా పట్టుకుని నేరుగా పైకి లాగండి. అటూఇటూ ఊపి లాగొద్దు.

6. ఖాళీ స్లాట్‌లోకి టార్చి వేసి చూసి, బ్రష్షుతో దుమ్ము తీయండి. నోటితో ఊదకండి, తడి పోతుంది. బ్యాటరీ మార్చండి, ప్లస్ గుర్తు పైకి.

7. కొత్త కార్డు పళ్లకు, పోర్టులకు ఉన్న ప్లాస్టిక్ తొడుగులు తీసేయండి. పళ్లను స్లాట్ గాడికి సరిపెట్టి, రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా సమానంగా నొక్కండి. తాళం టక్కుమనాలి. పక్క నుంచి చూస్తే బంగారు పళ్లు దాదాపు కనబడకూడదు. ఒక చివర గీతలా మెరుస్తుంటే సగమే దిగింది. అప్పుడు స్క్రూ బిగిస్తే కార్డు ఏటవాలుగా నిలబడి, కొన్నాళ్లకు మళ్లీ పాత జబ్బే వస్తుంది. తుప్పు స్క్రూ పారేసి కొత్తది వాడండి.

మొదటిసారి ఆన్ చేయడం

మానిటర్ కేబుల్ కొత్త కార్డుకే పెట్టారా చూడండి. మామూలుగా పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పక్క మూత తెరిచి ఉంచే ఆన్ చేసి, ఫ్యాను తిరుగుతోందా చూడండి. చల్లగా ఉన్నప్పుడు ఫ్యాను ఆపుకునే కార్డులూ ఉన్నాయి, దానికే భయపడకండి.

బొమ్మ రాకుండా అవార్డ్ బయోస్ బోర్డు ఒక పొడవు, రెండు పొట్టి బీపులు కొడితే కార్డు అందలేదని అర్థం. ఆపి, కార్డు మళ్లీ తీసి పెట్టండి. బీపు లేకుండా నల్లగా ఉంటే కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు మార్చి (అక్కడా బొమ్మ రాకపోతే కార్డు తీసి) బయోస్‌లోకి వెళ్లి, ప్రైమరీ డిస్‌ప్లేను పీఈజీ లేదా పీసీఐఈకి మార్చండి. సీఎస్ఎమ్ అనే సెట్టింగును మాత్రం తెలియకుండా మార్చొద్దు. పాత విండోస్ లెగసీ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయి ఉంటే, సీఎస్ఎమ్ ఆపగానే అది బూట్ కాదు.

విండోస్ వచ్చాక బొమ్మ పెద్దదిగా, మొరటుగా ఉంటుంది, డ్రైవర్ వేస్తే సరవుతుంది. కార్డు కంపెనీ సీడీ వదిలేసి ఎన్విడియా లేదా ఏఎండీ సైటు నుంచే తెచ్చుకోండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, నాలుగో తరం ఇంటెల్‌కు విండోస్ 11 అధికారికంగా లేదు. ఈ సిస్టమ్ మీద ఖరీదైన కార్డు పెట్టొద్దనడానికి అదీ ఒక కారణం.

జీపీయూ-జడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ గడి పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి పరీక్ష నడపండి. 1650 అయితే 16 లేన్లు, 3050 అయితే 8 లేన్లు చూపించాలి. తక్కువ చూపిస్తే కార్డు సరిగా దిగలేదు, లేదా స్లాట్‌లో దుమ్ముంది. తర్వాత ఫర్‌మార్క్ (కార్డును పూర్తి భారంతో నడిపే పరీక్ష ప్రోగ్రామ్) పావుగంట నడిపి, ఉష్ణోగ్రత ఒక చోట నిలబడుతోందా చూడండి. ఈ పరీక్ష మధ్యాహ్నం, ఏసీ వేయకుండా చేయండి. మే నెల ఉక్కలో అది ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. పరీక్షలో సిస్టమ్ టక్కున ఆగిందంటే ఎస్‌ఎంపీఎస్ చాలడం లేదు. కార్డు మార్చకండి, మంచి బ్రాండ్ ఎస్‌ఎంపీఎస్ తెచ్చుకోండి.

యూపీఎస్ కూడా లెక్క చూసుకోండి. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల చుట్టుపక్కలే, అదీ బ్యాటరీ కొత్తగా ఉంటే. గేమ్ ఆడుతుండగా కరెంటు పోయి యూపీఎస్ కీచుమని ఆగితే కొత్త కార్డు తప్పు కాదు. ఇనుప మూత ముట్టుకుంటే చిన్న జలదరింపు తగులుతుంటే మీ ప్లగ్గులో ఎర్త్ లేదు. కొత్త కార్డు పెట్టకముందే ఎలక్ట్రీషియన్‌తో అది వేయించుకోండి.

సముద్రానికి దగ్గరి ఇంట్లో మూడు నెలలకొకసారి పక్క మూత తీసి బ్రష్షు వేయండి. సిస్టమ్‌ను కిటికీ పక్క నుంచి, నేల మీద నుంచి తీసి బల్ల మీద పెట్టండి. వర్షాకాలంలో వాడకపోయినా వారానికి రెండుసార్లు అరగంట ఆన్ చేసి ఉంచితే లోపలి చెమ్మ ఆరుతుంది.

కొత్త కార్డు పెట్టె, సీరియల్ నంబరున్న బిల్లు ఒకే చోట దాచండి. రేకు మీది సీరియల్ స్టిక్కర్ ఫొటో తీసుకోండి, చెమ్మకు ఆ అక్షరాలు చెరిగిపోతాయి. పాత కార్డును పాత పేపర్లవాడికి వేయకండి. దాని టంకంలో, చిప్పుల్లో చెత్తకుప్పలో కాల్చకూడని పదార్థాలున్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం అది నమోదైన రీసైక్లర్‌కే చేరాలి. కార్డు కొన్న షాపులో తీసుకుంటారేమో అడగండి. ఫ్యాను మాత్రమే పోయి చిప్పు బాగున్న కార్డయితే పారేయక్కర్లేదు. సిలికా జెల్ పొట్లంతో పాటు యాంటీ స్టాటిక్ కవర్‌లో మూసి బీరువాలో పెట్టండి, రేపు కొత్తది వారంటీకి వెళ్లిన రోజుల్లో అక్కరకొస్తుంది.